క్రిస్మస్ సాయంత్రం ఒక పూర్తి బాలే కావాలి: బ్రిటన్ టీవీ పెద్దలకు బహిరంగ లేఖ

బ్రిటన్ టెలివిజన్ చానెళ్లలో క్రిస్మస్ వారపు కార్యక్రమాలు ఖరారు చేసే పెద్దలందరికీ,

నమస్కారం.

ఇదే ఉత్తరాన్ని ఇంగ్లీషులో మీకు విడిగా పంపాను. తెలుగులోనూ రాసి నలుగురి ముందూ పెడుతున్నానంటే, ఈ దేశంలో టీవీ చూడటానికి ఏటా లైసెన్సు రుసుం కడుతున్న తెలుగు ఇళ్లవాళ్లు కూడా చదవాలని. 2025లో ఆ లైసెన్సు ఏడాదికి 174.50 పౌండ్లు. అంత కట్టి కూడా, టీవీలో బాలే, అంటే మాటల్లేకుండా నాట్యంతోనే కథ చెప్పే పాశ్చాత్య నృత్యనాటకం, వస్తే "ఇది మనకు సంబంధించింది కాదులే" అని మావాళ్లు చానెల్ మార్చేస్తారు. మాలాంటి వాళ్లు చూడరులే అని మీరూ అనుకుంటారేమో. నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, అందుకే రాస్తున్నాను.

అడిగేది ఒక్కటే. క్రిస్మస్ నాటి సాయంత్రం, ఇంటిల్లిపాదీ మేలుకుని ఉండే వేళలో, అందరూ పెట్టే ప్రధాన చానెల్లో, ఒక పూర్తి బాలే వేయండి. తెర లేచిన దగ్గర్నుంచి కళాకారుల ఆఖరి నమస్కారం దాకా, మధ్యలో ఏమీ కోయకుండా.

ఇంత పట్టుదల దేనికంటే నా సంగతి కొంత చెప్పాలి. మాది కృష్ణా జిల్లాలో, కూచిపూడికి దగ్గరలో ఒక పల్లెటూరు. పెళ్లయ్యాక, డాక్టరుగా పనిచేసే మా ఆయన వెంట బర్మింగ్‌హామ్ వచ్చాను. 1995లో మాకిక్కడ మొదటి క్రిస్మస్. ఆ రోజు ఆసుపత్రి డ్యూటీకి ఆ పండగ లేనివాళ్లే ముందుకు రావడం మర్యాద కదా, మా ఆయన తెల్లవారకముందే వెళ్లిపోయారు. ఇంట్లో నేనూ, రెండేళ్ల మా అమ్మాయీ మిగిలాం. క్రిస్మస్ నాడు ఈ దేశం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్లకి అదెలా అనిపిస్తుందో మాత్రం చెప్పాలి. బస్సుల్లేవు, రైళ్లు లేవు, కొట్లన్నీ మూసేశారు. నాలుగింటికే చీకటి పడిపోయింది. వీధిలో మనిషి అలికిడి లేదు. పండగంటే వీధి వీధంతా ముగ్గుల దగ్గరే ఉండే ఊళ్లో పెరిగినదాన్ని. పండగ పూట ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉండటం చూసి నాకు భయం వేసింది, దుఃఖం వచ్చింది.

పాప ఏడుపు మానడం లేదని టీవీ పెట్టాను. తెర మీద ఒక ఇంటి హాలు, మూల ఒక క్రిస్మస్ చెట్టు. వాయిద్యాల హోరు పెరిగేకొద్దీ ఆ చెట్టు కూడా పెరుగుతూ పోతోంది. పాప ఏడుపు ఆపేసి నోరు తెరుచుకుని చూసింది. అది నట్‌క్రాకర్ అనే బాలే అనీ, బర్మింగ్‌హామ్ రాయల్ బాలే బృందం కోసం నృత్యదర్శకుడు పీటర్ రైట్ 1990లో తయారుచేసిందనీ, వాళ్లు లండన్ నుంచి ఈ ఊరికి మకాం మార్చినప్పుడు ఊరికి కానుకగా ఇచ్చారనీ నాకు తర్వాత తెలిసింది. షుగర్ ప్లమ్ ఫెయిరీ అనే దేవకన్యగా చేసినామె మియాకో యోషిదా, జపాన్ ఆవిడ. కథలోని అమ్మాయి క్లారా పెద్దబాతు మీదెక్కి ఎగిరిపోతుంటే మా అమ్మాయి కార్పెట్ మీద గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. సోఫా అంచు తగిలి పడింది. లేచి మళ్లీ తిరిగింది.

నాకేమో మా ఊరి గుడి ముందు పందిరి గుర్తొచ్చింది. చిన్నప్పుడు అక్కడ వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామను చూశాను. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే, ఆ తెర మీంచి ముందుగా భామ జడ వచ్చి ఇవతల పడుతుంది. మనిషి ఇంకా కనబడదు. ఆ జడను చూసే జనం కదలడం మానేసేవాళ్లు. నట్‌క్రాకర్ రెండో అంకంలో, చాలా ప్రదర్శనల్లో, ఎలుకల రాజుతో తను చేసిన యుద్ధాన్ని రాజకుమారుడు ఒక్క మాట కూడా లేకుండా చేతులతో, కళ్లతో చెప్పేస్తాడు. అభినయం అంటే ఏమిటో తెలిసిన ఊరిదాన్ని, నాకు దాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. దేశం వచ్చిన కొత్తలో, పక్కవాళ్ల ఇంగ్లీషు కూడా సగమే అర్థమయ్యే రోజుల్లో, నాకు మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా అర్థమైన మొదటి సంగతి అదే.

ఆ రోజు నేను బాలే కోసం వెతకలేదు. దయచేసి ఈ సంగతి ఒక్కటి గుర్తుంచుకోండి. ఇప్పుడు మీరు, "అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి కదా, కావాలన్నవాళ్లు పెట్టుకుని చూస్తారు" అంటున్నారు. నిజమే, నాబోటి వాళ్లం పెట్టుకుని చూస్తాం. ఫలానాది ఉందని ముందే తెలిసినవాళ్లే కదా వెతికేది. పేరు కూడా తెలియని దాన్ని రెండేళ్ల పిల్ల ఎలా వెతుకుతుంది? ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడానికి టీవీ పెట్టిన తల్లి ఎలా వెతుకుతుంది? ఇల్లు కదలడానికి వీల్లేని ఆ ఒక్క రోజు, అందరూ ఒకే గదిలో కూర్చునే ఆ ఒక్క సాయంత్రం, ఎదురుగా వచ్చి నిలబడితేనే కొత్తవాళ్లకి బాలేతో పరిచయం అవుతుంది.

మీ ముందు తరం వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ టెలివిజన్ ప్రసారాలు మొదలైతే, ఆ మొదటి వారంలోనే మేరీ రాంబేర్ బాలే బృందం వచ్చి కెమెరా ముందు నాట్యం చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, లండన్‌లోని శాడ్లర్స్ వెల్స్ బాలే బృందంలో స్వయంగా నాట్యం చేసిన మార్గరెట్ డేల్ బీబీసీలో నిర్మాతగా చేరి, బాలేలను స్టూడియోకి తగ్గట్టు మలిచి ప్రసారం చేసింది. 1957లో కొపేలియా, 1958లో జిజెల్, 1959లో మార్గో ఫాంటేన్‌తో స్లీపింగ్ బ్యూటీ, 1962లో లా ఫీ మాల్ గార్దే. ఆ స్టూడియోలు ఇరుకు, కెమెరాలు బరువు, బొమ్మ నలుపు తెలుపు. అయినా ఎక్కడా అడుగు తడబడకుండా చూపించారు. కెమెరా వెనక ఉన్న మనిషికి తర్వాతి అడుగు ఎటు పడుతుందో ఒళ్లంతటికీ తెలుసు మరి.

అట్లాంటిక్ అవతల ఇంకా పెద్ద సాహసమే చేశారు. 1955 డిసెంబరు 12న అమెరికాలో ఎన్‌బీసీ చానెల్ ఇదే శాడ్లర్స్ వెల్స్ వాళ్ల స్లీపింగ్ బ్యూటీని రంగుల్లో ప్రత్యక్ష ప్రసారం చేస్తే, ఆనాటి అంచనాల్లో దాదాపు 3 కోట్ల మంది చూశారు. 1958 క్రిస్మస్ రాత్రి అక్కడి మరో చానెల్ సీబీఎస్, నృత్యదర్శకుడు బాలన్‌షైన్ చేసిన నట్‌క్రాకర్‌ను ప్రసారం చేసింది. అందులో బొమ్మలిచ్చే మాయల పెద్దాయన డ్రోసెల్‌మయర్ వేషం బాలన్‌షైనే కట్టాడు. అందరూ పెట్టే చానెల్లో, అందరూ మేలుకుని ఉన్న వేళ, క్రిస్మస్ నాడే వేశారు. జనం చూడరనే భయం వాళ్లకి మాత్రం ఉండి ఉండదా? వేసి చూశారు.

మీరు బాలే వేయడం మానేశారని నేను అనను. ప్రతి ఏడూ పండగ వారంలో ఏదో ఒక చానెల్లో ఏదో ఒకటి వస్తోంది, దానికి కృతజ్ఞురాలిని. వేళ దగ్గరే నా బాధంతా. మా పక్కింటి పెద్దావిడ సంగతి చెబుతాను. యుద్ధం రోజుల్లో శాడ్లర్స్ వెల్స్ వాళ్లు ఊరూరా తిరిగి ఆడుతున్నప్పుడు, ఆర్కెస్ట్రా లేక రెండు పియానోలు పెట్టుకుని చేసిన ప్రదర్శనను ఆమె చిన్నపిల్లగా చూసింది. నాకు బాలే పాఠాలు చెప్పింది ఆవిడే. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి చాచే అరాబెస్క్ భంగిమ అంటే ఏమిటో వంటింటి బల్ల పట్టుకుని చూపించేది, అప్పటికే డెబ్బై దాటింది. ఇద్దరం కలిసి బర్మింగ్‌హామ్ హిప్పోడ్రోమ్‌కి ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. తర్వాత మోకాళ్లు పోయాయి, ఇల్లు కదలలేకపోయింది. మూడు మైళ్ల దూరంలో ఉన్న థియేటరు ఆమెకి మూడు వేల మైళ్లయింది. ఇక టీవీయే ఆమె థియేటరు. ఒక క్రిస్మస్‌కి, పేరు చెప్పను గానీ, ఒక చానెల్ ఆమెకెంతో ఇష్టమైన బాలే వేసింది, రాత్రి పదకొండు దాటాక. ఆమెను పడుకోబెట్టే అమ్మాయి తొమ్మిదింటికి వచ్చి వెళ్లిపోతుంది. మర్నాడు పులిహోర పట్టుకెళితే, ఆవిడ పత్రికలోని టీవీ పేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆ బాలే పేరు చుట్టూ పెన్సిలుతో గీసిన గుండ్రం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఆ తర్వాత ఆమెకి ఇంకో రెండు క్రిస్మస్‌లే దక్కాయి.

వేళ కుదిరితే చాలదు, చూపించే పద్ధతి కూడా ఉండాలి. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తాళానికి తగ్గట్టు పళ్లాన్ని నడిపిస్తుంది. అలాంటి తరంగాన్ని టీవీలో చూపిస్తూ పళ్లెం కనబడకుండా ముఖమే చూపిస్తే మా ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా? బాలేకి సరిగ్గా అదే జరుగుతోంది. బాలెరీనా కాలి మునివేళ్ల మీద లేచే క్షణంలో కెమెరా ఆమె కళ్లలోకి వెళ్లిపోతుంది. నట్‌క్రాకర్‌లోని మంచుపువ్వుల నాట్యంలో తెల్లబట్టల అమ్మాయిలందరూ కలిసి ముగ్గు వేసినట్టు వరసలు కలుపుతూ, విడదీస్తూ వస్తారు, వెనక మాటల్లేని గొంతులు పాడుతుంటాయి. ఆ ముగ్గు కనబడాలంటే దూరంగా, కాస్త పైనుంచి చూడాలి. కానీ మూడు సెకన్లకొకసారి బొమ్మ మారిపోతుంటే ఒక భుజం, ఒక నడుము, ఒక నవ్వు తప్ప ఇంకేమీ మిగలవు. సినిమాల్లో నాట్యం చేసిన ఫ్రెడ్ ఆస్టేర్ తల నుంచి పాదాల దాకా ఒకే చట్రంలో కనబడాలని పట్టుబట్టేవాడు. ఆ ఒక్క పట్టుదల మీ దర్శకులకీ ఉంటే చాలు.

సంగీతం గురించి కూడా ఒక మాట. నట్‌క్రాకర్‌లో షుగర్ ప్లమ్ ఫెయిరీ తన జతగాడితో చేసే పెద్ద యుగళ నృత్యం ఉంది కదా, దాని బాణీ విన్న తెలుగువాళ్లకి ఒక రహస్యం చెబుతాను. అది పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా మెట్టు మెట్టుగా దిగే స్వరవరస. సంగీతం నేర్చుకున్న పిల్లలెవరైనా పోల్చుకుంటారు, మన శంకరాభరణం అవరోహణే. అంతకు మించి ఏమీ లేదు. ఈ బాలేకి సంగీతం రాసిన చైకోవ్‌స్కీ ఆ ఎనిమిది స్వరాలనే పట్టుకుని, ఒక్కోసారి ఒక్కో వాయిద్యం చేత పలికిస్తూ, చివరికి గుండె పట్టనంత చేస్తాడు. నట్‌క్రాకర్ రాసే రోజుల్లోనే, 1891లో, ఆయనకి ప్రాణంలాంటి చెల్లెలు సాషా పోయింది. ఆ కబురు ఆయన పారిస్‌లో ఉండగా పేపర్లో చదివి తెలుసుకున్నాడు. ఆ అవరోహణ వింటున్నప్పుడల్లా నాకు ఆ పేపరు గుర్తొస్తుంది. చెలెస్తా అనే వాయిద్యాన్ని అదే పారిస్‌లో చూసి, తనకంటే ముందు తోటి రష్యన్ సంగీతకారులు వాడేస్తారేమోనని గుట్టుగా తెప్పించుకున్నాడు. షుగర్ ప్లమ్ ఒంటరి నాట్యానికి నీటిచుక్కలు రాలినట్టుండే ఆ చప్పుడు దానిదే. ఇలాంటి సంగీతం మీద, ఒకసారి ఒక చానెల్లో, సరిగ్గా యుగళ నృత్యం పతాక స్థాయికి చేరిన చోట, తర్వాతి కార్యక్రమమేమిటో చెప్పే గొంతు వచ్చిపడింది. ఇంకోసారి మరో చానెల్లో మంచు కురుస్తుండగానే ప్రకటనలు వచ్చాయి. అంకానికీ అంకానికీ మధ్య విరామం ఉండనే ఉంది. ప్రకటనలు అక్కడ వేసుకోండి, ఎన్ని నిమిషాలైనా ఓపిక పడతాం.

ఇక ఏ బాలే వేయాలన్నది. నట్‌క్రాకర్ అంటే నాకు ప్రాణమని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది, కానీ ఏటా అదొక్కటే అక్కర్లేదు. అసలు క్రిస్మస్‌కి బాలే చూసే అలవాటే మనం అనుకున్నంత పాతది కాదు. 1892 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడినప్పుడు నట్‌క్రాకర్‌కి పెద్ద ఆదరణ రాలేదు. రష్యా బయట దాన్ని పూర్తిగా ప్రదర్శించింది ఈ దేశంలోనే, 1934లో శాడ్లర్స్ వెల్స్ థియేటర్లో. ఇంగ్లీష్ నేషనల్ బాలే 1950లో పుట్టిన నాటి నుంచి ఏటా ఏదో ఒక రూపంలో ఆడుతూ వస్తోంది. అలవాటు అలా పడింది. అలా ఇంకోటి కూడా అలవాటు చేయొచ్చు. నృత్యదర్శకుడు ఫ్రెడరిక్ ఆష్టన్ చేసిన సిండ్రెల్లా ఉంది. 1948 డిసెంబరు 23న పండగ కోసమే మొదలైంది. సవతి అక్కల వేషాలు ఆష్టనూ రాబర్ట్ హెల్ప్‌మనూ కట్టి జనాన్ని నవ్వించారు. ఆడవేషం మగవాళ్లు కట్టడం కూచిపూడి నుంచి వచ్చిన నాకు కొత్తేమీ కాదు, ఈ దేశంలో క్రిస్మస్‌కి ఆడే పాంటొమైమ్ హాస్యనాటకాలు చూసి పెరిగిన పిల్లలకీ కొత్త కాదు. పిల్లల నిద్రవేళ దాటకూడదనుకుంటే ఆష్టన్‌దే లే పాతినేర్ ఉంది, అరగంట లోపే అయిపోతుంది. తెర మీద మంచు గడ్డకట్టిన చెరువు, అందరూ స్కేటింగ్ చేస్తున్నట్టే నాట్యం చేస్తారు. డికెన్స్ క్రిస్మస్ కథను నార్తర్న్ బాలే చేసింది. కొంచెం ధైర్యం చేసి, క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య ఒక రాత్రి, అక్రమ్ ఖాన్ 2016లో ఇంగ్లీష్ నేషనల్ బాలేకి చేసిన జిజెల్ వేయండి. కథక్ నేర్చిన మనిషి చేతిలో ఆ పాత కథ ఏమైందో చూస్తే, బాలే మనది కాదనుకునే మా ఇళ్లలో వాళ్లు కూడా కుర్చీ ముందుకి జరుపుకుంటారు. బీబీసీ యంగ్ డాన్సర్ పోటీ 2015లో మొదలైనప్పుడు బాలే, హిప్ హాప్, కాంటెంపరరీలతో పాటు దక్షిణాసియా నాట్యానికి కూడా విడిగా విభాగం పెట్టారు. ఆ ఏడు మా తెలుగు స్నేహితుల ఇళ్లలో ఎంతమంది పిల్లలు టీవీ ముందు కూర్చున్నారో నేను కళ్లారా చూశాను.

నట్‌క్రాకర్‌లోని చైనా, అరబ్బు నాట్యాల గురించి ఒక చర్చ ఉంది. అది తెలిసే కొందరు వెనకాడుతున్నారని నా అనుమానం. చూపుడువేళ్లు పైకెత్తి, తల ఆడిస్తూ గెంతే చైనావాళ్ల బొమ్మ చూస్తే నాకూ మనసు చివుక్కుమంటుంది. దేవదాసీల కథ అని చెప్పుకునే లా బయడేర్ అనే బాలే చూసినప్పుడు ఒక భారతీయురాలిగా నాకు కలిగే ఇబ్బందే అది. స్కాటిష్ బాలే 2021లో ఆ నాట్యాలను మార్చి చేసింది, బాగుంది. అరబ్బు నాట్యం అని పిలిచే ఆ బాణీ నిజానికి జార్జియా దేశపు జోలపాట అన్న సంగతి ఎంతమందికి తెలుసు? బాలే మొదలయ్యే ముందు ఓ ఐదు నిమిషాలు ఎవరైనా నర్తకి వచ్చి ఇవన్నీ చెబితే చాలు. చూసేవాళ్లు చిన్నపిల్లలేం కాదు, చిన్నపిల్లలైనా చెబితే అర్థం చేసుకుంటారు. దాచిపెట్టడం కంటే అది మేలు.

ఖర్చంటారా, కొత్తగా తీయలేని ఏడాది పాతవి తీయండి. మార్గరెట్ డేల్ తీసిన వాటిలో కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. బర్మింగ్‌హామ్, లీడ్స్, గ్లాస్గో, లండన్ బృందాలు రికార్డు చేసి పెట్టుకున్నవి ఉన్నాయి. ఏటా ఒక్కో ఊరి బృందానికి వంతు ఇవ్వండి. హాల్లో టికెట్లు అమ్ముడుపోవని ఆ బృందాలకి భయం ఉంటుంది, కాదనను. నట్‌క్రాకర్ సీజను రాబడి మీదే మిగతా ఏడాదంతా నెట్టుకొచ్చే బృందాలు ఉన్నాయని తెలుసు. అయితే క్రిస్మస్ నాడు ఇక్కడ థియేటర్లే తెరవరు కదా. ఆ ఒక్క సాయంత్రం టీవీకి పోటీ వచ్చే హాలే ఈ దేశంలో లేదు. ఆ రోజు టీవీలో చూసినవాళ్లలో కొందరైనా, నాలాగే, వచ్చే ఏడు టికెట్ కొంటారు. నేను ఇప్పటికి కొన్న టికెట్లన్నీ ఆ 1995 సాయంత్రం నుంచి వచ్చినవే.

మా అమ్మాయికి ఇప్పుడు మూడేళ్ల కూతురు. ఈ డిసెంబరు 25న మా ఇంటికే వస్తున్నారు. మధ్యాహ్నం మూడింటికి రాజుగారి ప్రసంగం, తర్వాత భోజనాలు, అందరం కలిపి తొమ్మిది మందిమి. మీ నిర్ణయం నవంబరు ఆఖరుకల్లా తెలిస్తే బాగుంటుంది. హాల్లో సోఫాలు గోడవారకి జరిపించాలి, పిల్ల గిరగిరా తిరిగేటప్పుడు అంచులు తగలకూడదు.

ఇట్లు,
ఒక తెలుగు ప్రేక్షకురాలు,
బర్మింగ్‌హామ్